లెక్క తెలిసిన పిల్లలు ఇక్కడే ఉన్నారు, కలెక్టర్ గారూ

నంద్యాల జిల్లా కలెక్టర్ గారికి,

సోమవారం అర్జీల వరుసలో నిలబడి రెండు నిమిషాల్లో చెప్పి రాగల సంగతైతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. నా పింఛను నాకు వస్తోంది, పొలం సర్వే నంబరు ఆన్‌లైన్లో సరిగ్గానే ఉంది. గ్రామీణ బ్యాంకులో చాలా ఏళ్లు కౌంటరు లోపల కూర్చుని, ఇప్పుడు కౌంటరు బయట నిలబడే వయసుకొచ్చాను. రెండు వైపులా చూసినవాణ్ణి కాబట్టి మన జిల్లా కుర్రకారు గురించి, వాళ్ల ఇళ్లలో వచ్చిపోయే డబ్బు గురించి నాలుగు మాటలు పదిమందీ వినేలా చెప్పాలనిపించింది.

మీరు ఛార్జి తీసుకున్న రోజున ఎవరో ఒకరు మీకు ఈ ఊరి గొప్పలన్నీ చెప్పే ఉంటారు. నవనందులు, నంద్యాల సోనా బియ్యం, 1906 నుంచి నడుస్తున్న వ్యవసాయ పరిశోధన స్థానం, అక్కడ పుట్టిన నరసింహ పత్తి. ఇక్కడి ఓటర్లు 1977లో నీలం సంజీవరెడ్డిని, 1991లో పీవీ నరసింహారావును ఢిల్లీకి పంపిన కథ చెప్పకుండా నంద్యాలవాడెవడూ ఊరుకోడు. బ్యాంకు కోచింగ్ సంగతి మాత్రం గొప్పల్లో చేర్చి ఉండరు. అది వ్యాపారం కదా అని మావాళ్లకు చిన్నచూపు.

కానీ శ్రీకాకుళం నుంచి, పాలమూరు నుంచి డిగ్రీ పాసైన రైతు బిడ్డలు సంచీ, బకెట్టు, చాప పట్టుకుని నంద్యాల స్టేషన్లో దిగేది దాని కోసమే. శ్రీ గురు రాఘవేంద్ర లాంటి పెద్ద సంస్థల పేర్లు చెబితే ఆటోవాడికి అడ్రసు అక్కర్లేదు. ఒక గదిలో నలుగురు, మెస్సులో నెలవారీ భోజనం, స్టడీ హాల్లో రాత్రి పొద్దుపోయేదాకా రీజనింగ్, అరిథ్‌మెటిక్. ఉత్తరాదిన ఏదో పట్నంలో క్యాషియరు సీట్లో తెలుగు పిల్లవాడు కనిపిస్తే ఎక్కడ చదివావు నాయనా అని అడిగి చూడండి. నంద్యాల అనే జవాబు వస్తే ఆశ్చర్యపోవద్దు.

ఆ పిల్లల్ని ఒక లెక్క అడగండి. పదివేల అసలు, ఏడాదికి పది శాతం, రెండేళ్లు. బారువడ్డీకీ చక్రవడ్డీకీ తేడా ఎంత? పెన్ను ఎత్తకుండానే వంద రూపాయలని చెబుతారు. ఇప్పుడు వాళ్లలో ఒకడి ఇంటికి వెళదాం. తండ్రి కౌలు రైతు. విత్తనాలకని మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చాడు. మూడు రూపాయలంటే వినడానికి చిన్నదే. నెలకు నూటికి మూడు, ఏడాదికి ముప్ఫై ఆరు. ఏడాది తిరిగేసరికి వడ్డీ కట్టలేక నోటు తిరగరాస్తే అసలు 1,36,000 అవుతుంది. రెండో ఏడూ అంతే అయితే 1,84,960. పరీక్ష హాల్లో అర నిమిషంలో తేల్చే ఈ లెక్కను సొంత ఇంట్లో ఆ పిల్లవాడు ఎన్నడూ వేసి చూపించలేదు. తండ్రి అడగడు, కొడుకు చెప్పడు. అప్పు మాట కొడుకు ముందు ఎత్తడం తండ్రికి నామోషీ, తండ్రి అప్పు ఆరా తీయడం కొడుక్కి భయం.

నేను చెప్పదలచిందంతా ఈ ఒక్క ఇంట్లోనే ఉంది. లెక్క తెలిసిన పిల్లలు, లెక్క కావలసిన ఇళ్లు ఒకే జిల్లాలో, ఒక్కోసారి ఒకే కప్పు కింద ఉన్నాయి. రెండింటినీ కలిపే పని ఎవరి ఉద్యోగంలోనూ లేదు. అందుకే మీకు రాస్తున్నాను.

2025 ఉగాది నాడు, అంటే మార్చి 30న, రాష్ట్ర ప్రభుత్వం పీ-4 మొదలుపెట్టింది. సంపదలో పైనున్న పది శాతం మంది అట్టడుగున ఉన్న ఇరవై శాతం కుటుంబాలకు చేయూతనివ్వాలన్నది ఆలోచన. చేయి అందించేవారు మార్గదర్శి, అందుకునేది బంగారు కుటుంబం. ఆ ఏడాది ఆగస్టు 15 నాటికే పదిహేను లక్షల కుటుంబాలను దత్తత ఇప్పించాలని రాష్ట్రం లక్ష్యం పెట్టుకుంది. గడువు దగ్గరపడేసరికి ఏం జరుగుతుందో ప్రభుత్వ నౌకరీ చేసినవాళ్లకు వేరే చెప్పాలా? మిల్లు యజమానులు, డాక్టర్లు, కాంట్రాక్టర్లు, అమెరికాలో ఉన్న మనవాళ్ల జాబితాలు తయారవుతాయి. అవి చాలకపోతే చిన్న ఉద్యోగుల మీద పడతారు. స్వచ్ఛందం అన్న మాట ఉత్తర్వులో ఉంటుంది, ఒత్తిడి ఫోన్లో వస్తుంది.

ఆ ఆలోచనను నేను తప్పుపట్టడం లేదు. ఒక పెద్దాయన ఒక ఆడపిల్ల ఫీజు కట్టినా, ఒక ఇంటికి కుట్టు మిషను కొనిచ్చినా పుణ్యమే. కానీ మార్గదర్శి అని పేరు పెట్టాక దారి చూపాలి కదా. డబ్బున్న పెద్దలకు లేనిది సమయం. బంగారు కుటుంబానికి కావలసింది ఒకరోజు వచ్చి ఫోటో దిగి వెళ్లే మనిషి కంటే, బ్యాంకుకు మూడోసారి కూడా తోడు వచ్చే మనిషి. మొదటిసారి మేనేజరు లేరంటారు, రెండోసారి ఒక కాగితం తక్కువైందంటారు. మూడోసారి వెళ్లేవాడికే అప్పు పుడుతుంది. పేదవాడు రెండో సారికే కూలి పోగొట్టుకుని ఆగిపోతాడు. కౌంటరు లోపల నేను చూసింది ఇదే.

మీ కుర్చీకి పాత చుట్టరికం ఉన్న ఒక సంగతి గుర్తుచేస్తాను. మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో ఫ్రెడరిక్ నికల్సన్ అనే ఐసీఎస్ అధికారి రైతుల అప్పుల మీద, యూరప్‌లోని సహకార బ్యాంకుల మీద పెద్ద నివేదిక రాశాడు. 1895లో మొదటి భాగం వచ్చింది. 1904 నాటి సహకార పరపతి సంఘాల చట్టం వెనక ఉన్నది ఆ కృషే. వందల పేజీల ఆ నివేదిక సారాన్ని సహకార చరిత్ర రాసినవాళ్లు ఒకే మాటలో చెబుతారు: ముందు రైఫైజెన్‌ను వెతకండి. రైఫైజెన్ అంటే జర్మనీలో పల్లెలకు మేయరుగా పనిచేసి, రైతుల కోసం పరపతి సంఘాలు పెట్టినవాడు. కోటీశ్వరుడేం కాదు. ఊళ్లో ఎవరు నికార్సయినవాళ్లో, ఎవరికి ఎంత అప్పిస్తే తీర్చగలరో తెలిసిన మనిషి. చట్టం కంటే ముందు మనిషి కావాలని ఒక జిల్లా అధికారి నూటముప్ఫై ఏళ్ల కింద గ్రహించాడు. మనం చట్టాలు, యాప్‌లు, డ్యాష్‌బోర్డులు అన్నీ తెచ్చుకున్నాం. మనిషి కోసం ఇంకా వెతుకుతున్నాం.

అంత దూరం ఎందుకు, ఉమ్మడి కర్నూలు జిల్లాలోనే మనకు సొంత పాఠం ఉంది. 1995లో ఐక్యరాజ్యసమితి సహాయంతో దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో మొదలైంది. ఓర్వకల్లు మహిళల పొదుపు సంఘాల పేరు దేశమంతా పాకింది. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్, అది నడిపిన వెలుగు, ఇందిరా క్రాంతి పథం ఆ పునాది మీద లేచినవే. ఆ కథను నాయకుల పేర్లతో, రుణాల అంకెలతో చెప్పడం అలవాటైంది. సంఘం మీటింగులో గోడకు ఆనుకుని కూర్చుని పుస్తకం రాసే పిల్లను మాత్రం ఎవరూ తలచుకోరు. పదో తరగతో ఇంటరో చదివిన ఊరి పిల్ల. ఎవరి పొదుపు ఎంత, ఎవరి కంతు తప్పింది, వడ్డీ ఎంత అనేది అందరి ముందూ గట్టిగా చదివేది. వేలిముద్ర వేసే ఆడవాళ్లు తమ అప్పు ఎంతో నోటికి చెప్పగలిగేవారంటే ఆ పిల్ల చలవే. అదే రాష్ట్రంలో 2010 నాటికి మైక్రోఫైనాన్స్ కంపెనీల ఏజెంట్లు వారం వారం ఇంటి ముందు కూర్చునే పరిస్థితి వచ్చి, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అప్పు రెండు చోట్లా ఉంది. ఒకచోట పుస్తకం చదివి వినిపించే మన ఊరి పిల్ల ఉంది, ఇంకోచోట వసూలు చేసుకుపోయే బయటి మనిషి ఉన్నాడు.

ఇక మన దగ్గర ఇప్పుడున్న పిల్లల సంగతి. మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులందరికీ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ తప్పనిసరి. ఉన్నత విద్యామండలి తెచ్చిన పాఠ్య ప్రణాళిక ప్రకారం రెండో సెమిస్టరు అయ్యాక 180 గంటలు ఊళ్లో పనిచేయాలి, నాలుగు క్రెడిట్లు. ఊరి సామాజిక ఆర్థిక సర్వే చేయాలి, అవగాహన కార్యక్రమం నడపాలి, నివేదిక రాయాలి. ఎన్ఎస్ఎస్‌లో ఉన్నవాళ్లకు ఏడాదికి 120 గంటల సేవ, వారం రోజుల శిబిరం అదనం. కాగితం మీద ఎంత బాగుంది!

కాలేజీ దగ్గర జిరాక్సు షాపుకు వెళ్లి నిలబడండి. ఎండాకాలం సెలవులు అయిపోయే రోజుల్లో అక్కడ కమ్యూనిటీ సర్వీస్ రికార్డుల పండగ. కంప్యూటర్లో ఫైలు సిద్ధంగా ఉంటుంది, పేరు, హాల్ టికెట్ నంబరు, ఊరి పేరు ఉండే చోట్లు మాత్రం ఖాళీ. సర్వే ప్రశ్నలకు జవాబులు కూడా అందులోనే. ఎన్ని ఇళ్లు, ఎంతమందికి మరుగుదొడ్డి, ఎంతమందికి బ్యాంకు ఖాతా. స్పైరల్ బైండింగు, పైన ప్లాస్టిక్ అట్ట, లోపల బ్యానరు పట్టుకున్న నలుగురి ఫోటో, చివర సంతకం, ముద్ర. నేను చూసిన ఒక రికార్డులో డిజిటల్ లావాదేవీలపై అవగాహన కలిగించినట్టు రాశారు. మొదటి పేజీలో మన ఊరి పేరు, పదకొండో పేజీలో వేరే జిల్లా ఊరి పేరు. ఏ కాలేజీయో చెప్పను. పిల్లల్ని తిట్టి లాభం లేదు. 180 గంటలు ఏం చేయాలో తెలియని పందొమ్మిదేళ్ల వాడికి ఒక గ్రామం మొత్తాన్ని సర్వే చేయమని చెబితే జిరాక్సు షాపుకే వెళతాడు. వాడికి ఊరు వద్దు, నాలుగిళ్లు ఇవ్వండి. ఒక్కో ఇంటికి 45 గంటలు.

నాలుగిళ్లలో ఏం చేస్తాడని అడుగుతారేమో. ఆళ్లగడ్డ పోదాం పదండి.

నంద్యాల నుంచి కడప రోడ్డు పట్టుకుని నలభై కిలోమీటర్ల పైచిలుకు వెళితే ఆళ్లగడ్డ. ఊరు రాకముందే కట్టర్ మోత వినిపిస్తుంది. షెడ్ల ముందు సగం చెక్కిన వినాయకులు, ఆంజనేయులు, చేతులు జోడించిన గరుత్మంతులు, మధ్యలో చెయ్యెత్తిన రాజకీయ నాయకులు. అందరి ఒంటి మీదా ఒకే తెల్లటి రాతి దుమ్ము. ఆళ్లగడ్డ శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది, విగ్రహాలు పక్క రాష్ట్రాలకు, సముద్రాలు దాటి గుళ్లకు పోతున్నాయి. శిల్పుల చేతి పని గురించి చెప్పడానికి నాకు అర్హత లేదు. వాళ్ల లెక్కల గురించి చెప్పగలను.

ఒక యువ శిల్పి అనుకోండి. తండ్రి దగ్గర నేర్చుకున్నాడు, ఇప్పుడు సొంత షెడ్డు. పొరుగు రాష్ట్రం నుంచి ఒక గుడి కమిటీ వచ్చి అమ్మవారి విగ్రహం చెప్పి, బయానా ఇచ్చి వెళ్లింది. ఆ బయానాలో సగం పాత అప్పుకు పోయింది. రాయి కొనడానికి మళ్లీ మూడు రూపాయల వడ్డీ. బ్లేడ్లు, కరెంటు, ఇద్దరు కుర్రాళ్ల కూలి, చివర్లో క్రేను, లారీ. విగ్రహం వెళ్లాక చేతిలో మిగిలినదాన్ని చూసుకుని "ఏదో గిట్టుబాటైందిలే సామీ" అంటాడు. గిట్టలేదు. ఎందుకంటే తాను ఉలి పట్టుకున్న రోజులకు కూలి కట్టుకోలేదు, వడ్డీని ఖర్చులో వేసుకోలేదు. ధర చెప్పేటప్పుడే తప్పు జరిగిపోయింది. వచ్చిన డబ్బు, పోయిన డబ్బు అంతా ఫోన్‌పేలో ఇంటి పాలు, కూరగాయల ఖర్చుతో కలగలిసి ఉంది. ఆ ఫోను పట్టుకుని బ్యాంకుకు వెళితే మేనేజరుకు వ్యాపారం కనిపించదు, ఖర్చు కనిపిస్తుంది.

ఈ శిల్పికి కేంద్రం 2023 సెప్టెంబరు 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకం ఉంది. పద్దెనిమిది వృత్తుల్లో శిల్పుల వృత్తి ఒకటి. ఐదు నుంచి ఏడు రోజుల శిక్షణ, రోజుకు 500 భృతి, పనిముట్లకు 15,000, ఆపైన హామీ లేకుండా మొదటి విడత లక్ష, అది తీర్చాక రెండు లక్షల దాకా, ఐదు శాతం వడ్డీకి. లక్ష మీద ఊళ్లో ఏడాది వడ్డీ 36,000 అయితే ఇక్కడ ఐదువేలు దాటదు. నెలనెలా అసలు తీరుతుంది కాబట్టి ఇంకా తక్కువే. ఒక కుర్రాడు ఆదివారం సాయంత్రాలు ఆ షెడ్డులో కూర్చుని, రెండు రూపాయల పెన్నుతో ఒక నోటు పుస్తకంలో రాయి, బ్లేడు, కరెంటు, కూలి, నీ కూలి అని గళ్లు గీసి నింపడం నేర్పిస్తే చాలు. నాలుగు విగ్రహాల లెక్క పడితే ఐదో విగ్రహానికి ధర తప్పు చెప్పడు. ఆ పుస్తకం తెచ్చిన శిల్పిని వెనక్కి పంపడం ఏ మేనేజరుకైనా కష్టమే. కుర్రాడికి కూడా ఒక మేలుంది. ఖర్చు, ధర, లాభం అనే మూడు మాటలు పాఠ్యపుస్తకంలో కంటే ఆ దుమ్ములో బాగా అర్థమవుతాయి.

రాతి దుమ్ము అన్నాను కాబట్టి ఇంకొకటి. ఆ దుమ్ములో బతికే ఇళ్లకు బీమా సంగతి తెలియాలి. మే నెలాఖరులో చాలా పాస్‌బుక్కుల్లో 436 ఒకటి, 20 ఒకటి, రెండు కోతలు పడతాయి. జీవనజ్యోతి, సురక్ష బీమాల ప్రీమియం. డబ్బు ఎవరో కాజేశారని కౌంటరు దగ్గర నన్ను నిలదీసినవాళ్లు ఉన్నారు. అది రెండేసి లక్షల బీమా అని చెబితే నమ్మేవారు కాదు. దానికంటే బాధ కలిగించేది, ఇంటాయన పోయాక కూడా ఆ కోతలు ఏమిటో ఎవరికీ తెలియక, క్లెయిము అడగకుండా పాస్‌బుక్కును ట్రంకు పెట్టెలో పెట్టేయడం. నాలుగిళ్ల పాస్‌బుక్కులు తీసి, ఈ రెండు అంకెలు ఉన్నాయా, నామినీ పేరు ఉందా, ఆధార్‌లో పేరూ ఖాతాలో పేరూ కలుస్తున్నాయా అని చూడటం ఒక మధ్యాహ్నం పని. బ్యానరు పట్టుకుని ఊరేగడం కంటే అది మేలైన అవగాహన కార్యక్రమం.

పెద్దలకు పిల్లలు లెక్క నేర్పడం ఒక వైపు. పిల్లలకు దారి చూపేదెవరన్నది రెండో వైపు. ఇది ఆళ్లగడ్డ ప్రాంతంలో మాట్లాడాలంటే కొంచెం ముల్లు గుచ్చుకుంటుంది. ఫ్యాక్షన్ రోజుల్లో పద్దెనిమిదేళ్ల కుర్రాడికి దారి చూపే పెద్దమనిషి అంటే ముఠా నాయకుడే. పెళ్లి ఖర్చు ఆయనదే, బెయిలు ఖర్చూ ఆయనదే. కుర్రాడు ఎందుకు వెళ్లాడు? అర్ధరాత్రి పోయినా పలికే గుమ్మం అదొక్కటే కాబట్టి. ఆ రోజులు పోయాయి, మంచిదే. ఆ గుమ్మం ఖాళీ అయ్యాక ఇంకొకటి రాలేదు. ఆ ఖాళీలోకి ఫోను వచ్చి కూర్చుంది. అర్ధరాత్రి పలికేది ఇప్పుడు అప్పు యాప్. ఐదు నిమిషాల్లో ఐదువేలు ఇస్తుంది, పది రోజుల్లో ఫోన్లోని నంబర్లన్నిటికీ ఫోటోలు పంపుతానంటుంది. బెట్టింగు సంగతి చెప్పనక్కర్లేదు. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది, 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై కేంద్రమూ చట్టం చేసింది. ఆట ఆగిందో లేదో టీ బంకు దగ్గర రెండు నిమిషాలు చెవి పెడితే తెలుస్తుంది.

వీటికంటే ప్రమాదకరమైనది, తల్లిదండ్రులకు అసలు వినపడనిది, ఖాతా అద్దె. "నీ అకౌంటు, సిమ్ము, ఏటీఎం కార్డు ఇయ్యి, నెలకు ఇంత" అని టెలిగ్రామ్‌లో వస్తుంది. ఖర్చులకు డబ్బుల్లేక కుర్రాడు ఇస్తాడు. ఎక్కడో ముసలాయన పోగొట్టుకున్న సొమ్ము ఆ ఖాతాలో దిగి, గంటలో వేరే ఊరికి ఎగిరిపోతుంది. పోలీసులు వచ్చేది ఖాతాలో పేరున్నవాడి ఇంటికి. తెలియక ఇచ్చానంటే బ్యాంకు వినదు, కేసు వినదు. బ్యాంకు ఉద్యోగం కోసమే చదివే కుర్రాడైతే ఆ కేసుతో ఆ దారి కూడా మూసుకుపోతుంది. సైబర్ మోసాలపై ఫిర్యాదుకు 1930 నంబరు గోడల మీద రాయించారు, సంతోషం. డబ్బు పోయిన మొదటి గంటలోనే ఫోను చేయాలన్న సంగతి మాత్రం ఇంట్లో తిట్లకు భయపడి దాచుకునే పిల్లవాడికి గోడ చెప్పలేదు, అన్నలాంటివాడు చెప్పాలి.

అలాంటి అన్నలు ఎక్కడున్నారంటే, మళ్లీ కోచింగ్ గదుల దగ్గరికే రావాలి. ఉద్యోగం వచ్చినవాళ్ల ఫ్లెక్సీలు మనం చూస్తాం. అర మార్కుతో, పావు మార్కుతో పోయినవాళ్లకు ఫ్లెక్సీ ఉండదు. ఇరవై ఆరేళ్లు, ఇరవై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఊరికి వెళితే ఏమప్పా ఇంకా కాలేదా అంటారని నంద్యాలలోనే గది మారుస్తూ ఉండిపోయినవాళ్లు ఉన్నారు. బ్యాంకింగ్ అవేర్‌నెస్ పేపరు వాళ్లకు కంఠతా వచ్చు. రుణ నిబంధనల గురించి బ్రాంచిలో కూర్చున్న నాకు తెలిసినదానికంటే వాళ్లకే ఎక్కువ తెలుసని రిటైరయ్యే ముందు నాకు అనుమానం వచ్చేది. రిజర్వ్ బ్యాంకు 2017 నుంచి స్వచ్ఛంద సంస్థల చేత ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలు నడిపిస్తోంది. మన జిల్లాలో వాటిలో పనిచేసేవాళ్లను ఈ పిల్లల్లోంచే తీసుకోమని సలహా ఇవ్వండి. కర్ణాటకలో ధర్మస్థల దగ్గర ఉజిరెలో 1982లో రుడ్‌సెట్ అనే శిక్షణ సంస్థ పెట్టినప్పుడు ధర్మస్థల ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి చేసింది ఇలాంటి పనే. నిరుద్యోగికి కొన్ని వారాలు పని నేర్పి, తర్వాత రెండేళ్లు చేయి వదలకుండా వెంట ఉన్నారు. ఇప్పుడు దేశమంతా జిల్లాకొకటి చొప్పున ఉన్న గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలకు (ఆర్‌శెటీలకు) అదే నమూనా. శిక్షణను అందరూ అనుకరించారు. వెంట ఉండటమే చాలాచోట్ల జారిపోయింది.

కలెక్టర్ గారూ, మిమ్మల్ని అడిగేవి ఎక్కువ లేవు. జిల్లా స్థాయి బ్యాంకర్ల సంప్రదింపుల కమిటీకి మీరే అధ్యక్షులు. ఆ సమావేశంలో వార్షిక రుణ ప్రణాళిక అంకెలు చదివి, టీ తాగి లేవడం నాకు తెలుసు, వెనక కుర్చీల్లో నేనూ కూర్చున్నాను. వచ్చే సమావేశంలో రాయలసీమ విశ్వవిద్యాలయం వారిని, డిగ్రీ కాలేజీల ప్రిన్సిపాళ్లను కూడా పిలవండి. నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, బనగానపల్లె, ఆత్మకూరు, డోన్ కాలేజీల్లో ఇష్టపడే విద్యార్థులకు గ్రామ సర్వే బదులు నాలుగిళ్ల ప్రాజెక్టు ఇవ్వమని అడగండి. ఆ నాలుగిళ్లు మీ బంగారు కుటుంబాల జాబితాలోంచే రావచ్చు. నల్లమల అంచున ఉన్న కాలేజీలైతే చెంచు గూడేల ఇళ్లు కావచ్చు. అక్కడ పేరు తప్పు పడిన ఆధార్ ఒక్కటి సరిచేయించినా 45 గంటలకు న్యాయం జరిగినట్టే. నోటు పుస్తకం, పాస్‌బుక్కు చూసి మార్కులు వేయండి, స్పైరల్ బైండింగు చూసి వద్దు.

రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు. జిల్లాలో పనిచేస్తున్న కుర్ర క్లర్కులు, ఆఫీసర్లు చాలామంది ఇక్కడి కోచింగ్ గదుల్లోంచి వచ్చినవాళ్లే. నెలకు ఒక్క శనివారం మధ్యాహ్నం ఈ విద్యార్థులతో కూర్చోమని అడగండి. ఆజ్ఞాపించవద్దు. ఉత్తర్వు జారీ అయిన మర్నాడే అది సంతకాల రిజిస్టరు అయిపోతుంది. అడిగితే పదిమందిలో ఇద్దరు వస్తారు. ఇద్దరు చాలు.

అప్పు అడిగిన ఖాతాదారుకు కాదని చెబితే కారణం రాసి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు ఏనాడో చెప్పింది. ఇచ్చే బ్రాంచి నాకు కనిపించడం లేదు. మా కాలంలోనూ నోటితోనే పంపేవాళ్లం. విశ్వకర్మ కింద, ముద్ర కింద, పొదుపు సంఘాల కింద వెనక్కి పోయిన దరఖాస్తులెన్ని, కారణాలేమిటి అని మీ సమావేశంలో ఒక్క అంశం పెట్టండి. కారణం కాగితం మీద ఉంటే విద్యార్థి దాన్ని సరిచేయించగలడు. నోటి మాటను ఎవరు సరిచేస్తారు?

హద్దులు కూడా మొదటే గీయాలి. విద్యార్థి ఎవరి ఫోనూ చేతిలోకి తీసుకోకూడదు, పిన్ను, ఓటీపీ వినకూడదు, ఒక్క రూపాయి ముట్టకూడదు. ఆడపిల్లలు జంటగా వెళ్లాలి, కాలేజీకి చెప్పి వెళ్లాలి. ఇన్సూరెన్సు కంపెనీల, చిట్టీల ఏజెంట్లు ఈ పేరుతో ఇళ్లలో దూరకుండా చూడాలి. మునిగిపోయిన అగ్రిగోల్డ్ కంపెనీలో దాచుకున్న సొమ్ము కోసం తిరిగిన ముసలివాళ్లు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు, వాళ్లకు అన్నిటికంటే ముందు గుర్తొచ్చేది నమ్మకంగా నవ్వుతూ వచ్చిన ఏజెంటు ముఖమే. ఇంకొక్కటి, దయచేసి ఆ ఇళ్ల ఫోటోలు తీయించి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టించవద్దు. అప్పు ఉన్నవాడికి మానం కూడా ఉంటుంది.

జిల్లా అంతా ఒకేసారి మొదలుపెట్టమని కూడా అడగను. ఒక కాలేజీ, ఒక బ్రాంచి, ఆళ్లగడ్డ శిల్పుల షెడ్లు ఓ పాతిక. ఈ వేసవి సెలవులకు ముందే కమిటీ సమావేశం ఉంటుంది కాబట్టి, ఎజెండాలో ఒక అంశంగా ఇది చేర్చండి. శనివారాలు వచ్చి కూర్చోవడానికి నాలాంటి రిటైరైన బ్యాంకువాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. కబురు పెడితే వస్తాం.

ఇట్లు,
నంద్యాల నుంచి ఒక విశ్రాంత గ్రామీణ బ్యాంకు ఉద్యోగి